తక్కువతో బతకమని ఎవరికి చెబుతున్నారు?

(ఒంగోలు వైపు ఒక పల్లెలో కోత పండగనాడు, వేలంపాట అయ్యాక గుడి ముందు చేసిన ప్రసంగం. చెప్పింది చాలావరకు చెప్పినట్టే ఉంచాం.)

 

ఇందాక వేలంపాటలో ఒక సొరకాయ ఎనిమిది వందలకు పోయింది. సంతలో అయితే ముప్ఫై రూపాయలు. పాడినాయన దాన్ని మళ్ళీ గుడికే ఇచ్చేశాడు, మళ్ళీ పాడారు. అందరం నవ్వుకున్నాం, బాగుంది. దేవుడి ఇంటికి ఇచ్చేటప్పుడు మనోళ్ళ చెయ్యి పెద్దదే. ఇవ్వాళ నేను మాట్లాడేది ఆ చేతి గురించే. అది ఎక్కడ తెరవాలి, ఎక్కడ మూయాలి అని.

రెండు నెలల కిందట పక్క ఊళ్ళో మూడు రాత్రులు సువార్త సభలు జరిగాయి. మీలో చాలామంది వచ్చారు. మూడో రాత్రి ప్రసంగీకుడు దురాశ గురించి చెప్పాడు. లోకం వస్తువుల మోజులో పడింది, ఫోన్లు, బళ్ళు, చీరెలు, నగలు, వీటి వెంట పడొద్దు, ఉన్నదాంతో తృప్తి పడండి, తక్కువతో బతకండి అన్నాడు. బాగానే చెప్పాడు, గొంతు కూడా మంచిది. నా పక్కన ఒక ముసలమ్మ కూర్చునుంది. పొద్దుటినుంచీ మిరపకాయలు కోసి నేరుగా సభకే వచ్చింది. చేతులు మంటలు పుడుతుంటే కొంగు తడుపుకుని అందులో వేళ్ళు చుట్టుకుంది. ప్రసంగీకుడు మూడోసారి "తక్కువతో బతకండి" అన్నప్పుడు ఆమె మెల్లగా "ఇంకా ఎంత తక్కువ నాయనా" అంది. మైకుకి వినపడలేదు. నాకు వినపడింది.

ఆ అమ్మకు జవాబు చెప్పకుండా దురాశ మీద ప్రసంగాలు చెయ్యకూడదని నేననుకుంటున్నా. దురాశ పాపం కాదని అనడం లేదు. పాపమే. పది ఆజ్ఞల్లో ఆఖరిది దాని మీదే ఇచ్చారు. కాని ఆ ఆజ్ఞ ఇంటికెళ్ళి ఒకసారి తీరిగ్గా చదవండి. పొరుగువాడి ఇంటిమీద, పొలం మీద, దాసుడి మీద, దాసి మీద, ఎద్దుమీద, గాడిద మీద ఆశ పడొద్దంటుంది. పొలమూ ఎద్దూ దాసీ అన్నీ ఉండి, పక్కవాడివి కూడా కలుపుకోవాలని చూసేవాడికి కదా ఆ మాట ముందుగా తగలాల్సింది? జీతానికున్నవాడికీ, ఆ దాసికీ చెప్పి వెళ్ళిపోతే ఎట్టా?

మనకు ఈ దేశంలో "తక్కువతో బతకండి" అన్నది ప్రసంగంగా రాలేదు. చట్టంగా వచ్చింది. మనుస్మృతి పదో అధ్యాయం తీసి చూడండి. చండాలుడు ఊరి బయట ఉండాలి. శవాల మీద గుడ్డలు కట్టుకోవాలి. పగిలిన కుండల్లో తినాలి. ఇనుప నగలే పెట్టుకోవాలి. కుక్కలూ గాడిదలే వాడి ఆస్తి. శూద్రుడికి సత్తా ఉన్నా సరే డబ్బు కూడబెట్టకూడదు, వాడి దగ్గర డబ్బుంటే బ్రాహ్మణుడికి బాధ కలుగుతుందట. ఇంత పొదుపుగా బతకమని ఏ సన్యాసికీ ఎవడూ చెప్పలేదు. పైగా సన్యాసి తనంతట తాను వదులుకుంటాడు, జనం దణ్ణం పెడతారు. మన చేత బలవంతాన వదిలించి, మైలోళ్ళని పేరు పెట్టారు.

మా తాత చెప్పులు కుట్టేవాడు. తోలు ఊనడం, అంచు కొయ్యడం, కుట్టడం అన్నీ ఆయనే. ఊళ్ళో కామందులందరి కాళ్ళకూ ఆయన చేతి చెప్పులే. ఆయన మాత్రం ఊరి వీధి మొదట్లో తన చెప్పులు విప్పి చేతబట్టుకుని, ఆ చివర దాటాక తొడుక్కునేవాడు. ఎండాకాలం ఆ వీధి ఎట్టా కాలుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆమోసు ప్రవక్త గొర్రెలు కాసుకునేవాడు, మేడి పళ్ళు ఏరుకునేవాడు. ఆయన తన దేశంలో ధనవంతుల మీద మోపిన నేరాల్లో ఒకటేమిటో తెలుసా? పేదవాణ్ణి ఒక జత చెప్పుల కోసం అమ్మేస్తున్నారని. చెప్పుల జత అన్నమాట బైబిల్లో చదివినప్పుడల్లా నాకు మా తాత చెయ్యి కనపడుతుంది. వేరేవాళ్ళకు కనపడకపోవచ్చు.

అందుకని ఒక మాట మొదటే తేల్చుకుందాం. మన ఇంట్లో ఫ్యాను తిరిగితే, మన అమ్మాయి మంచి చీరె కట్టుకుంటే, మన కుర్రాడు కాలికి బూటు తొడిగితే అది దురాశ కాదు. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ మన ఆడవాళ్ళతో ఏం చెప్పాడు? పై కులాల ఆడవాళ్ళు కట్టుకున్నట్టే చీరె కట్టుకోండి, కులం గుర్తుగా మోసే ఆ బరువు నగలు తీసెయ్యండి, శుభ్రంగా ఉండండి అన్నాడు. ఆయన సూటు వేసుకుంటే ఎంతమందికి కడుపు మండిందో! కొల్లాయి కట్టినాయన మహాత్ముడు, సూటు వేసినాయన దొరలాగా ఉన్నాడని. కొల్లాయి కట్టుకోవడం వందల ఏళ్ళుగా మనకు అలవాటే, మనల్ని ఎవరూ మహాత్ములని అనలేదు. 1945లో కాంగ్రెస్‌నీ గాంధీనీ నిలదీస్తూ రాసిన పుస్తకంలో బాబాసాహెబ్ ఈ నిరాడంబర జీవితం వేదాంతాన్ని ఉతికేశాడు. మనిషికి తీరిక ఉండాలి, చదువుకోవాలి, ఆలోచించుకోవాలి, అందుకు యంత్రం కావాలి అన్నాడు. అందుకే మా అమ్మకు మిక్సీ కొన్నప్పుడు నేను దేవుణ్ణి క్షమాపణ అడగలేదు.

చుండూరులో గొడవ ఎక్కడ మొదలైంది? సినిమా హాల్లో. మనవాడి కాలు ముందు సీటువాడికి తగిలిందని. టిక్కెట్టు ఇద్దరూ కొన్నారు, ధర ఒకటే. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికారు. డబ్బు పెట్టి కొన్నా సమానం కాలేమని ఆ రోజు మనకు తెలిసింది.

తెలిసిందా? ఇక్కడే నా అనుమానం. తెలిస్తే మనం ఇప్పుడు చేస్తున్నది చెయ్యం. ఊరు మనతో "నువ్వు మనిషివి కాదు, నీకు చెప్పులెందుకు" అంది. ఇప్పుడు బజారు "ఈ చెప్పులు కొనుక్కో, మనిషివి అయిపోతావు" అంటోంది. రెండో మాట తియ్యగా ఉంది గనక నమ్ముతున్నాం. ఆరు వేల ఫోనుతో పని జరిగేచోట పాతిక వేల ఫోను వాయిదాల మీద తెస్తున్నాం. ఓణీల ఫంక్షనుకి ఫ్లెక్సీ, డ్రోను కెమెరా, వెయ్యి మందికి బిర్యానీ. ఫ్లెక్సీ వారానికి చిరిగి మేకలు తింటాయి, బాకీ మూడేళ్ళుంటుంది. వడ్డీ నూటికి మూడు, నాలుగు, వారం వడ్డీ అయితే లెక్కే లేదు. ఆ వడ్డీ ఎవరికి పోతోంది? మా తాత చేత చెప్పులు విప్పించిన వీధికే పోతోంది. 2010లో చిన్న అప్పుల కంపెనీలు ఆడవాళ్ళ గుంపుల వెంటబడి ప్రాణాలు తీస్తే అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సొచ్చింది. గుంపులో ఒకామె కట్టకపోతే మిగతావాళ్ళు ఆమె ఇంటి ముందు కూర్చోవాలి. మన ఆడవాళ్ళను మన ఆడవాళ్ళ మీదికే తోలారు. ఆ రోజులు మన పల్లె మర్చిపోయిందా?

ఇంకో సంగతి చెబితే అయ్యగారికి కోపం రావచ్చు, అయినా ఆయన మంచాయన. గుళ్ళలో కూడా ఇప్పుడు బజారు భాష వచ్చింది. వెయ్యి విత్తితే లక్ష కోస్తావు, కారు కోసం ప్రార్థన చెయ్యి, ఈ నూనె సీసా తీసుకో, ఆశీర్వాదం ఇంటికొస్తుంది అని. అమెరికాలో పుట్టి టీవీలెక్కి మన పల్లెల దాకా వచ్చిన బోధ ఇది. దీనికి వాళ్ళు ఎత్తి చూపేది పేద విధవరాలి రెండు కాసుల కథ. ఉన్నదంతా వేసింది, నువ్వూ వెయ్యి అంటారు. మార్కు సువార్త పన్నెండో అధ్యాయం తీసి ఆ కథకు ముందు వచనాలు చదవండి. పొడుగాటి అంగీలు వేసుకుని, పొడుగాటి ప్రార్థనలు చేస్తూ విధవరాళ్ళ ఇళ్ళు మింగేసే శాస్త్రుల్ని యేసు తిడతాడు. వెంటనే ఈ విధవరాలు కనపడుతుంది. ఆమె కానుక వేశాక పదమూడో అధ్యాయం మొదట్లోనే, ఈ గుడి రాయి మీద రాయి మిగలదంటాడు. మూడూ కలిపి చదివితే ఏమర్థమవుతుంది? ఆ తల్లి భక్తికి ఆయన మెచ్చుకున్నాడు, నిజమే. కాని ఆమె ఇల్లు మింగినవాళ్ళే ఆఖరి రెండు కాసులు కూడా లాక్కున్న గుడిని ఆయన మెచ్చుకోలేదు. మన గుడికి గ్రానైటు ఆర్చి కావాలని కమిటీ అనుకుంటోందని విన్నా. ఆ విషయం చివర్లో మాట్లాడతా.

మరి దేవుడి లెక్క ఏందంటారా? అది మన్నా కథలో ఉంది. నిర్గమకాండం మొదటి అధ్యాయంలో ఇశ్రాయేలీయులు ఏం చేస్తున్నారు? ఫరోకు పీతోము, రామెసేసు అనే కొట్ల పట్టణాలు కడుతున్నారు. కొట్లంటే ధాన్యం దాచుకునేవి. కట్టేవాడికి బెత్తం దెబ్బలు, ధాన్యమేమో రాజుది. అట్టాంటి వెట్టి నుంచి బయటపడ్డవాళ్ళకు అడవిలో దేవుడు పెట్టిన మొదటి నియమం ఏందంటే దాచొద్దు. తలకొక ఓమెరు. ఎక్కువ ఏరినవాడికి మిగల్లేదు, తక్కువ ఏరినవాడికి తగ్గలేదు. తెల్లారేదాకా దాచినవాడిది పురుగులు పట్టి కంపు కొట్టింది. ఇది ఉపవాసాల కథ కాదు, అందరి కడుపూ నిండిన కథ. ముసలాళ్ళకు, పిల్లలకు, బాలింతకు అందరికీ అందింది. మళ్ళీ ఎవడూ ఫరో కాకూడదని పెట్టిన నియమం అది. మనలో ఒకడు నాలుగు డబ్బులు చూడగానే మన కూలోళ్ళకే వడ్డీలకిస్తున్నాడు చూడండి, వాడి కోసం కూడా.

లూకాలో ధనవంతుడి ఉపమానం ఉంది. పంట బాగా పండింది, ఉన్న కొట్లు చాలవు, పడగొట్టి పెద్దవి కడతానంటాడు. ఆ రాత్రే ప్రాణం పోతుంది. వినేవాళ్ళు చావు గురించే ఆలోచిస్తారు. నాకేమో పొగాకు బేరన్ల దగ్గర పెరిగినందువల్ల వేరే అనుమానం వచ్చింది. ఆ పంట కోసిందెవరు? కథలో ఒక్క కూలివాడు కనపడడు. నా పంట, నా కొట్లు, నా ధాన్యం అంటాడు తప్ప ఒక్కరి పేరెత్తడు. వాళ్ళు కనపడేది యాకోబు పత్రికలో, అయిదో అధ్యాయంలో. కోత కోసినవాళ్ళకు ఎగ్గొట్టిన కూలి కేకలు వేస్తోందని, అది దేవుడి చెవిన పడిందని రాశాడు. గ్రేడింగు షెడ్లో దుమ్ము మింగిన మన ఆడవాళ్ళకు ఆ మాట ఎవరైనా ప్రసంగం చేశారా? నేనైతే వినలేదు.

జక్కయ్య కథలో కూడా పొట్టివాడు, చెట్టెక్కాడు అని పిల్లలకు పాట పాడిస్తారు. ఇంటికి భోజనానికొచ్చిన యేసు ముందు అతను ఏమన్నాడు? సగం ఆస్తి పేదలకిస్తా, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తా అన్నాడు. నిరాడంబరంగా బతుకుతానని అనలేదు. తిరిగిస్తా అన్నాడు. ఉన్నవాడికి సువార్త అదీ.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. నిన్న మన పల్లె కుర్రాడొకడు నన్ను అడిగాడు. పేరు చెప్పను, ఇక్కడే ఉన్నాడు, తమ్ముడూ నువ్వేం తల దించుకోమాక. వాళ్ళ తాతకు వచ్చిన డీకేటీ పట్టా భూమి ఎకరం ఉంది. చౌడు నేల. రొయ్యల చెరువుల కోసం ఒక దళారి తిరుగుతున్నాడు. బయానా ఇస్తానన్నాడు. అక్క పెళ్ళి బాకీ తీరుతుంది, బండి వస్తుంది, ఆ చౌడుతో ఏం చేసుకుంటాం అన్నా, అన్నాడు. ఆ దళారి మన భాష కూడా నేర్చుకున్నాడు, "దేవుడు నీకు తలుపు తెరిచాడు" అన్నాడట!

నాబోతు కథ మీకందరికీ తెలుసు. రాజులు మొదటి గ్రంథం ఇరవై ఒకటో అధ్యాయం. తెలుసనుకున్నదే మళ్ళీ చూడండి. అహాబు రాజు నాబోతు తోటను ముందు దౌర్జన్యంగా లాక్కోలేదు. మర్యాదగా అడిగాడు. దీనికంటే మంచి తోట ఇస్తా, లేకపోతే డబ్బిస్తా అన్నాడు. దేనికి కావాలంట? కూరగాయల తోట వేసుకోవడానికి. రాజభవనం ఉన్నవాడికి కూరాకు కోసం పక్కవాడి పితరుల భూమి కావాలి. దురాశ అంటే బైబిల్లో ఇదీ బొమ్మ. నాబోతు ఇవ్వనన్నాడు. ధర చాలదని కాదు, ఇది నా పితరుల స్వాస్థ్యం, అమ్మేది కాదు అని. రాజు మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకుని అన్నం మానేశాడు. అప్పుడు యెజెబెలు ఏం చేసింది? రాజు ముద్రతో ఊరి పెద్దలకు ఉత్తరాలు రాసింది. ఏమని? ఉపవాసం చాటించండి అని! ఊరంతా ఉపవాసం. నాబోతును అందరి ముందు కూర్చోబెట్టి ఇద్దరు దొంగసాక్షుల చేత దేవుణ్ణీ రాజునూ దూషించాడని చెప్పించి రాళ్ళతో కొట్టి చంపారు. తోట రాజుదయింది.

అందరూ అన్నం మానిన రోజున పేదవాడి భూమి పోయింది. తక్కువ తినండి, దేవుడి ముందు తగ్గించుకోండి అని పెద్దలు చాటింపు వేసినప్పుడు, ఆ పక్కన ఎవరి భూమి కాగితాలు తయారవుతున్నాయో చూసుకోమని ఈ కథ నాకు చెబుతుంది. అయితే మన కుర్రాడి విషయంలో ఇంకొకటి కూడా చెబుతుంది. నాబోతుకు కూడా డబ్బు అవసరం ఉండే ఉంటుంది. ఆడపిల్ల ఉందేమో, బాకీ ఉందేమో. అయినా అమ్మలేదు. మనల్ని రాళ్ళతో కొట్టక్కర్లేదు తమ్ముడూ. వాయిదాల బండి చూపిస్తే చాలు.

చట్టం సంగతి కూడా చెబుతా. అసైన్డ్ భూములు చేతులు మారకూడదని 1977లో చట్టం వచ్చింది. కొన్నవాడికి హక్కు రాదు, భూమి వెనక్కి రావాలి. అయినా ఎన్ని ఎకరాలు తెల్లకాగితాల మీద పోయాయో మీకు తెలుసు. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ చట్టాన్ని సవరించి, పట్టా వచ్చి ఇరవై ఏళ్ళు దాటిన అసలు లబ్ధిదారులు, వాళ్ళ వారసులు అమ్ముకోవచ్చన్నారు. అందరికీ ఉన్న హక్కు మనకెందుకొద్దని మనలోనే కొందరన్నారు. అది తీసిపారేసే వాదన కాదు, నేనూ తేల్చుకోలేక కొన్నాళ్ళు ఊగిసలాడా. కాని హక్కొచ్చిన మర్నాటి నుంచి మన పల్లెలకొచ్చింది బ్యాంకువాడు కాదు, దళారి.

మనోళ్ళకు వదులుకోవడం తెలియదా అంటే, మనంత తెలిసినవాళ్ళు లేరు. ఈ ఒంగోలు ప్రాంతంలో ఎర్రగుంట్ల పేరయ్య, తోళ్ళ వ్యాపారం చేసుకునే మాదిగ, 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ రోజుల్లో క్లౌ దొరగారు సంఘంలో చేరేవాళ్ళకు పెట్టిన నియమాలు మూడు. విగ్రహాలకు మొక్కొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, ఆదివారం పని చెయ్యొద్దు. మొదటిది విని ఊరు పెద్దగా పట్టించుకోలేదు, మనం వాళ్ళ గుళ్ళలోకి ఎప్పుడు వెళ్ళాం గనక! మంట పుట్టింది మూడోదానికి. వెట్టివాడు వారానికొక రోజు రానంటాడా? దెబ్బలు కొట్టారు, నీళ్ళు కట్టేశారు. మనవాళ్ళు అన్నం తగ్గించుకున్నారు, ఆదివారం వదల్లేదు. చచ్చిన గొడ్డు మాంసం మానడమంటే ఉన్న ఒక్క కూర మానడం. అరవై ఏళ్ళ తర్వాత మహద్‌లో బాబాసాహెబ్ చెప్పింది కూడా అదే. తక్కువతో బతకడం అంటే నాకు తెలిసిన పాఠం ఇదొక్కటే. కామందు ముందు తల ఎత్తడానికి మానారు, వాడి కొట్లు నింపడానికి కాదు.

మనల్ని బియ్యం కిరస్తానీలు అంటారు గదా, తిండికోసం మారారని. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. క్లౌ బకింగ్‌హాం కాలవలో మూడు మైళ్ళ పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని పెట్టాడు. ఊరికే పెట్టలేదు, తవ్వినదానికి కూలిచ్చాడు. బాప్తిస్మం ఇమ్మని అడిగితే కరువు ఉన్నన్నాళ్ళూ ఇవ్వనన్నాడు. కరువు తగ్గి, పని ఆగాక, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది దిగారు. బియ్యం కోసమైతే బియ్యం అయిపోయాక ఎందుకు దిగుతారు? అయినా ఆశపోతులన్న పేరు మనకే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైన దళితుణ్ణి షెడ్యూల్డు కులం కాదంది. నమ్మినందుకు పోగొట్టుకున్నాం, ఆశపోతులమూ మనమే!

నా మాట అయిపోవచ్చింది. మన ఆడవాళ్ళు ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు బియ్యం పక్కన తీస్తారు, గుడికి. అది ఎవరూ బలవంతం చేసింది కాదు. ఆ పిడికెట్లో మూడోవంతు ఈ సంవత్సరం వేరే డబ్బాలో వేద్దామని నా మనవి. ఇవ్వాళ వేలంపాటలో వచ్చిన డబ్బు కూడా ఆర్చికి కాకుండా భూములు కొలిపించడానికి, అర్జీల ఖర్చుకి, మన కుర్రాడి అక్క పెళ్ళి బాకీలో వడ్డీ వరకు కట్టడానికి పెడదాం. కమిటీవాళ్ళు కాదంటే ఇక్కడే కాదనండి, వెనక వద్దు. ఆర్చి లేకపోతే మన గుడికి ఏం కొరతో నాకు తెలియదు గాని, ఆ ఎకరం పోతే ఆ ఇంటికి కొరత నాకు తెలుసు.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరూ వెళ్ళొద్దు. డీకేటీ పట్టాలు, పాసు పుస్తకాలు, మీరు వేలిముద్ర వేసిన కాగితాలు, ప్రామిసరీ నోట్ల నకళ్ళు, ఏవుంటే అవి తీసుకురండి. డిగ్రీ చదివే ఆడపిల్లలు ఇద్దరు రాసి పెడతామన్నారు. తమ్ముడూ, ఆ దళారికి అప్పటిదాకా ఆగమని చెప్పు. బయానా ముట్టుకోమాక.

జై భీమ్.